లబ్ధిదారుల జాబితాలో పేరుంటే చాలదు

సిద్దిపేటలో ఆరోగ్య పథకాల మాట ఎప్పుడు వచ్చినా ఒక ప్రశ్న ఎదురవుతుంది: "ఇక్కడ ఆడవాళ్ళకు చెయ్యనిదేముంది?" ఆ ప్రశ్న వెనుక పెద్ద జాబితాయే ఉంది. 2015 నుంచి అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం. 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్, ఆడపిల్ల పుడితే పన్నెండు వేలకు బదులు పదమూడు వేలు. గర్భిణిని ఇంటి దగ్గర ఎక్కించుకుని మళ్ళీ ఇంటి దగ్గర దింపే 102 బండి. 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ మంగళవారాలు. సిద్దిపేట పట్టణం ఇంకో అడుగు ముందుకు వేసి 2021లో ఐదో వార్డులో 'రుతుప్రేమ' పేరుతో మెన్‌స్ట్రువల్ కప్పులు, గుడ్డ ప్యాడ్లు పంచింది. నెలసరి గురించి మున్సిపాలిటీ వేదిక మీద మైకులో మాట్లాడించడం చిన్న విషయం కాదు. దాన్ని నేను తక్కువ చెయ్యను.

అయితే ఆ జాబితా చూపించి చాలామంది అక్కడితో ఆగడం లేదు. అధికారులు, డాక్టర్లు, సంపాదకీయాలు రాసేవాళ్ళు, నేను గౌరవించే కొందరు ప్రజారోగ్య నిపుణులు కూడా ఇలా అంటున్నారు: మన ఆరోగ్య కార్యక్రమాలు ఎప్పటినుంచో ఆడవాళ్ళ చుట్టూనే తిరుగుతున్నాయి. గ్లోబల్ ఫండ్, గావి, ప్రపంచ బ్యాంకు లాంటి సంస్థలు డబ్బు ఇస్తూ ఇందులో స్త్రీపురుష సమానత్వం ఎక్కడుందో చూపించమనడం మనకు అక్కర్లేని షరతు. క్షయ క్రిమికి ఆడా మగా తేడా లేదు. ముందు మందులు, మిగతావన్నీ తర్వాత. పైగా ఈ జెండర్ గొడవ జెనీవాలో పుట్టింది, మన ఊళ్ళలో కాదు.

2025లో ఈ వాదనకు బాగా బలం వచ్చింది. జనవరిలో అమెరికా విదేశీ సహాయాన్ని ఆపేసింది. జూలై 1 నాటికి యూఎస్‌ఎయిడ్ మూతపడింది. నవంబరులో గ్లోబల్ ఫండ్ 1,800 కోట్ల డాలర్లు కావాలని ప్రపంచాన్ని అడిగితే 1,134 కోట్ల డాలర్లకే హామీలు వచ్చాయి. కోత తప్పదన్నప్పుడు అందరి కళ్ళూ ముందు జెండర్ అని రాసి ఉన్న పద్దు మీదే పడుతున్నాయి. మందులు కొనడానికే డబ్బు లేదు, సమానత్వానికి ఎక్కడి నుంచి తెస్తామని నిలదీస్తున్నారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఈ వాదన తప్పు. మన తెలుగు నేల మీద యాభై ఏళ్ళుగా జరిగినవే ఆ తప్పును రుజువు చేస్తాయి.

ఒక కార్యక్రమం ఎంతమంది ఆడవాళ్ళ దగ్గరికి చేరిందన్నది ఒక లెక్క. అందులో ఆడవాళ్ళకు అధికారం ఎంత, వాళ్ళ మీద పడిన భారం ఎంత, వద్దనే వీలు ఎంత అన్నది వేరే లెక్క. మొదటి లెక్క మన రిజిస్టర్ల నిండా ఉంది. రెండోది ఎవరూ రాయలేదు. డబ్బు ఇచ్చినవాళ్ళు అడగలేదు, తీసుకున్నవాళ్ళు చెప్పలేదు.

కు.ని. ఆపరేషన్ల సంగతే చూడండి. ఎమర్జెన్సీ కాలంలో, 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. వాటిలో దాదాపు నాలుగింట మూడొంతులు మగవాళ్ళకు చేసినవి, చాలాచోట్ల బలవంతంగా చేసినవి. ఆ ఏడాది నవంబరులోనే ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు రాబర్ట్ మెక్‌నమారా ఢిల్లీకి వచ్చి జనాభా విషయంలో ఇండియా చూపిస్తున్న రాజకీయ సంకల్పాన్ని మెచ్చుకుని వెళ్ళాడు. ఐదు నెలలు తిరగకముందే ఇందిరాగాంధీ ప్రభుత్వం కూలిపోయింది. మగవాళ్ళ కోపానికి ప్రభుత్వాలు పడతాయని పార్టీలన్నిటికీ అర్థమైంది. ఆ తర్వాత కార్యక్రమం ఆగిందా? ఆగలేదు. మగవాళ్ళను వదిలేసి ఆడవాళ్ళ వైపు తిరిగింది. లక్ష్యాలు అవే, క్యాంపులు అవే. బల్ల మీద పడుకునే మనిషి మాత్రమే మారింది. 1980లో ప్రపంచ బ్యాంకు రెండో జనాభా ప్రాజెక్టు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. 1994లో కైరో సదస్సు జనాభా లక్ష్యాలు కాదు, స్త్రీల హక్కులు ముఖ్యమని తీర్మానించింది. 1996 ఏప్రిల్‌లో కేంద్రం లక్ష్యాల పద్ధతిని ఎత్తేస్తున్నామని ప్రకటించింది. ఆ మరుసటి ఏడాదే ఆంధ్రప్రదేశ్ తన సొంత జనాభా విధానంలో లక్ష్యాలను, ప్రోత్సాహకాలను మళ్ళీ తెచ్చిపెట్టుకుంది.

ఫలితం ఏమిటో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో కనబడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో 69.6 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్ళు, వేసెక్టమీ 0.4 శాతం. తెలంగాణలో ఆడవాళ్ళ ఆపరేషన్లు 61.9 శాతం, మగవాళ్ళవి 2 శాతం. వేసెక్టమీ సులువైనది, కోత చిన్నది, ప్రమాదం తక్కువ అని మొదటి ఏడాది వైద్య విద్యార్థికి కూడా తెలుసు. అయినా ఊళ్ళో అడిగితే ఒకే జవాబు వస్తుంది: "మా ఆయన బరువులు మోసేటోడు. ఆపరేషన్ జేస్తే బలం పోతది." నాట్లు వేసేది, కలుపు తీసేది, మూడో అంతస్తుకు ఇటుకలు మోసేది ఆమె కూడా. ఆమె బలం గురించి ఏ కార్యక్రమమూ అడగలేదు. దేశ సగటు వేసెక్టమీ 0.3 శాతం మాత్రమే అయినప్పుడు తెలంగాణలో 2 శాతం ఎలా వచ్చింది? అంటే నచ్చజెప్పేవాళ్ళుంటే మన మగవాళ్ళు కూడా ముందుకు వస్తారు. ఆ పనికి డబ్బు పెట్టాలని ఎవరూ పట్టుబట్టలేదు, అంతే.

ఇక్కడ ఎదుటివాళ్ళు ఒక మాట అంటారు, అది వినాల్సిన మాటే. ఆపరేషన్ వల్ల ఆడవాళ్ళు బాగుపడ్డారు, ఏడెనిమిది కాన్పుల బతుకు నుంచి బయటపడ్డారు, చాలామంది కావాలనే చేయించుకున్నారు అంటారు. నిజమే. నా తల్లి తరం ఆడవాళ్ళు ఆ ఆపరేషన్‌ను విముక్తిగానే చెప్పుకున్నారు. కానీ ఒకే ఒక్క దారి తెరిచి పెట్టి, ఆమె ఆ దారినే వచ్చింది కాబట్టి అది ఆమె ఎంపిక అనడం న్యాయం కాదు. ఆమె కోరుకున్నది పిల్లలు చాలని. అందుకు కోత తన కడుపు మీదే పడాలని ఆమె ఎన్నడూ కోరలేదు.

ఆ దారిలో ఏం జరుగుతుందో 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో చూశాం. ప్రభుత్వ ఆస్పత్రిలో ఒక్క రోజు క్యాంపులో 34 మంది ఆడవాళ్ళకు డీపీఎల్ (డబుల్ పంక్చర్ లాపరోస్కోపీ) పద్ధతిలో ఆపరేషన్లు చేశారు. రోజుల వ్యవధిలో నలుగురు చనిపోయారు. నలుగురూ చిన్న పిల్లల తల్లులు. బిలాస్‌పూర్‌లో 2014లో ఇలాంటి క్యాంపులోనే 13 మంది చనిపోయాక, 2016 సెప్టెంబరులో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు మూడేళ్ళలో క్యాంపుల పద్ధతి మానుకోమని చెప్పింది. ఆరేళ్ళ తర్వాత ఇబ్రహీంపట్నం. ఆ క్యాంపు విదేశీ డబ్బుతో జరగలేదు, మన డబ్బుతోనే జరిగింది. కానీ ఒక రోజులో ఇన్ని ఆపరేషన్లు అని లెక్కపెట్టే అలవాటు మనకు జనాభా నిధుల కాలంలో అంటుకున్నది. డబ్బు పోయినా అలవాటు పోలేదు. అందుకే డబ్బు వచ్చేటప్పుడే అడగాలంటున్నాను.

"ఆడవాళ్ళ కోసమే" అన్న మాట ఎంత మోసం చేయగలదో ఖమ్మం చెబుతుంది. 2009 జూలైలో అమెరికా సంస్థ పాత్, గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం తోడుగా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసింది. సుమారు 14 వేల మంది పిల్లలు, వాళ్ళలో చాలామంది గిరిజన ఆశ్రమ పాఠశాలల హాస్టళ్ళలో ఉన్నవాళ్ళు. ఆడపిల్లలను గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి కాపాడే కార్యక్రమం. ఇంతకంటే ఆడవాళ్ళ కోసం చేసేది ఇంకేముంటుంది? కానీ పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 1,948 మీద వేలిముద్రలున్నాయి. కూతురికి ఏ మందు ఇస్తున్నారో తెలుసుకునే హక్కు ఉన్న తల్లికి కబురే అందలేదు. కొందరు పిల్లలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణ తేల్చింది. సమ్మతి తీసుకున్న తీరును మాత్రం 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘం తీవ్రంగా తప్పుబట్టింది.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. హెచ్‌పీవీ టీకా మంచి టీకా, మన ఆడపిల్లలకు అది కావాలి. ఖమ్మంలో జరిగినదానివల్ల ఎక్కువ నష్టపోయింది కూడా ఆ టీకానే. అప్పుడు పుట్టిన అపనమ్మకం దాన్ని ఏళ్ళ తరబడి వెంటాడింది. తల్లులతో కూర్చుని వాళ్ళ మాటలో చెప్పడానికి, హాస్టల్ పిల్లల ఇళ్ళకు కబురు పంపడానికి, జ్వరం వస్తే ఎవరి దగ్గరికి పోవాలో తెలపడానికి ఆ ప్రాజెక్టులో డబ్బు, సమయం కేటాయించి ఉంటే ఇంత జరిగేది కాదు. "ముందు మందులు, తర్వాత సమానత్వం" అనేవాళ్ళు ఖమ్మం గుర్తు పెట్టుకోవాలి. సమానత్వాన్ని పక్కన పెట్టినందుకే అక్కడ మందు కూడా ఆగిపోయింది.

హెచ్‌ఐవీ నిధుల్లో చెడూ చూశాం, మంచీ చూశాం. 2002లో తల్లి నుంచి బిడ్డకు సోకకుండా చూసే కార్యక్రమం మొదలైంది. గర్భిణులందరికీ పరీక్ష, పాజిటివ్ వస్తే కాన్పు వేళ ఒక నెవిరపిన్ మాత్ర. బిడ్డను కాపాడే మాత్ర అది. తల్లి బతకడానికి కావాల్సిన ఉచిత ఏఆర్‌టీ మందులు 2004 ఏప్రిల్ దాకా రాలేదు. ఆ రెండేళ్ళు తల్లి ఆ కార్యక్రమానికి బిడ్డ దాకా వెళ్ళే దారి మాత్రమే. ఇంట్లో మొదట పరీక్ష జరిగింది ఆమెకే కాబట్టి, రోగం తెచ్చింది ఆమేనని అత్తింటివాళ్ళు బయటికి తోసేసిన కథలు ఆ రోజుల్లో తెలుగు జిల్లాలన్నిటా ఉన్నాయి. భర్తను కూడా పిలిపించి ఇద్దరికీ కలిపి పరీక్ష చెయ్యాలన్న ఆలోచన పథకం రాసేనాడే ఉంటే ఎందరో ఆడవాళ్ళు వీధిన పడేవాళ్ళు కాదు.

అదే కాలంలో, అదే రోగం మీద, అదే గేట్స్ డబ్బుతో 2003లో అవాహన్ మొదలైంది. ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అది కండోమ్‌ల పంపిణీగా మొదలై, త్వరలోనే ఒక నిజాన్ని గుర్తించింది. పోలీసు కొడుతుంటే, గూండా డబ్బు లాక్కుంటుంటే, సంచిలో దొరికిన కండోమ్‌నే సాక్ష్యంగా చూపించి కేసు పెడుతుంటే ఏ సెక్స్ వర్కరూ కండోమ్ దగ్గర పెట్టుకోదు. అందుకని ఆ స్త్రీలనే కార్యకర్తలుగా తీసుకున్నారు, వాళ్ళ సంఘాలు కట్టించారు, దాడి జరిగితే అర్ధరాత్రయినా పరుగెత్తుకు వచ్చే బృందాలు పెట్టారు. వైద్యం లెక్కల్లో వీటిలో ఒక్కటీ మందు కాదు. అయినా 2003 నుంచి 2008 దాకా ఆ కార్యక్రమం సుమారు లక్ష మందికి హెచ్‌ఐవీ సోకకుండా ఆపిందని 2011లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా చెప్పింది. ఒకే దాత డబ్బు ఖమ్మంలో చెడింది, అవాహన్‌లో పండింది. ఒకచోట ఆడపిల్లలు టీకా వేయించుకోవడానికి వరుసలో నిలబడ్డారు, రెండోచోట స్త్రీలు బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడారు. తేడా అంతా అక్కడే ఉంది.

క్రిమికి ఆడా మగా తేడా లేదన్న వాదన దగ్గరికి వస్తాను. క్రిమికి లేకపోవచ్చు, అది చేరే ఇంటికి ఉంది. సిద్దిపేట, దుబ్బాక వైపు ఏ వాడకట్టుకు వెళ్ళినా ఈ దృశ్యం కనబడుతుంది. బీడీలు చుట్టే ఆడమనిషి గోడకు వీపు ఆనించి, ఒళ్ళో చాట పెట్టుకుని, నానబెట్టిన తునికాకును కత్తెరతో కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడిచి పక్కన వేస్తుంది. కళ్ళు చాట మీదా, చెవి పొయ్యి మీదా ఉంటాయి. చంటిపిల్ల అదే గదిలో నిద్రపోతుంది. వెయ్యి బీడీలు పూర్తయితేనే రోజు కూలి. బాగోలేదని పక్కన పడేసిన కట్టలకు కూలి రాదు. తంబాకు దుమ్ము రోజంతా ఆమె ముక్కులోకి, గొంతులోకి వెళ్తూనే ఉంటుంది. దగ్గు వస్తే అది పనితో వచ్చిన దగ్గని ఆమే అనుకుంటుంది, ఇంట్లోవాళ్ళూ అనుకుంటారు. గల్ల పరీక్షకు వెళ్తే ఒక పూట కూలి పోతుంది. ఆ పూట కూలి గురించి క్షయ కార్యక్రమంలో ఒక్క గడి లేదు.

బీడీ చుట్టే ఆడవాళ్ళ విషయంలో అంతర్జాతీయ పొగాకు నియంత్రణ నిధుల తీరు ఇంకా బాధ కలిగిస్తుంది. ఇండియా 2004లో ఆమోదించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు ఒప్పందంలో 17వ అధికరణం కార్మికులకు వేరే బతుకుదెరువు చూపించమంటుంది. 18వ అధికరణం తయారీలో ఉన్నవాళ్ళ ఆరోగ్యం కాపాడమంటుంది. కానీ పైసలన్నీ తాగేవాడి చుట్టూనే తిరిగాయి: ప్యాకెట్ మీద హెచ్చరిక బొమ్మ, పొగ లేని బస్టాండు, మానిపించే క్లినిక్. తాగేవాళ్ళు ఎక్కువగా మగవాళ్ళు, చుట్టేవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళు. బొమ్మ పెద్దదైతే పని తగ్గిస్తామని కంపెనీలు బెదిరించినప్పుడు ఆ బెదిరింపు కూడా ఆమె చాట మీదే పడింది. ఆమెకు ఇంకో పని నేర్పించే బాధ్యతను నిధి రాసినవాళ్ళు తీసుకోలేదు. రాష్ట్రం 2015లో బీడీ కార్మికులకు పింఛను మొదలుపెట్టి కొంత ఊరట ఇచ్చింది. అంతర్జాతీయ ఆరోగ్య పత్రాల్లో ఆమె ఇప్పటికీ పొగాకు పరిశ్రమలో ఒక అంకె, ఆరోగ్యం కావాల్సిన మనిషి కాదు.

మగవాళ్ళ సంగతి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. 2019-21 జాతీయ సర్వే ప్రకారం క్షయ ఆడవాళ్ళకంటే మగవాళ్ళలోనే ఎక్కువ. మన దగ్గర ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మగవాడు కూలికి పోయిన వేళల్లో తెరిచి, వచ్చే వేళకు మూస్తారు. జ్వరమైనా, దగ్గైనా పనికి పోవాల్సిందే, నలుగురిలో దగ్గితే చులకన అన్న మగతనం కూడా వాడి ఊపిరితిత్తులను తినేస్తుంది. జెండర్ అంటే ఆడవాళ్ళకు ఇంకో కిట్ ఇవ్వడమని అనుకునేవాళ్ళకు ఈ మగవాడు కనబడడు. సమానత్వం చూసే కళ్ళు ఉన్న కార్యక్రమమే సాయంత్రం క్లినిక్ తెరవాలని ఆలోచిస్తుంది. 2018 ఏప్రిల్ నుంచి ఇస్తున్న నిక్షయ్ పోషణ సొమ్ము, ఇప్పుడు నెలకు వెయ్యి రూపాయలు, రోగి ఖాతాలో పడుతుంది. ఆ ఖాతా కార్డు ఎవరి జేబులో ఉంది, ఆ వెయ్యితో వచ్చిన గుడ్డు ఎవరి కంచంలో పడింది అని అడిగేది కూడా అలాంటి కార్యక్రమమే. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇన్ని దశాబ్దాల ఐరన్ మాత్రల తర్వాతి లెక్క ఇది. అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషికి మాత్ర ఒక్కటే ఇస్తే రక్తం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక ఇది జెనీవా ఫ్యాషన్ అన్న మాట. దీనికి జవాబు పాత మెదక్ జిల్లాలోనే ఉంది. సిద్దిపేట 2016 అక్టోబరు 11 దాకా ఆ జిల్లాలోనే ఉండేది. 1985లో అదే జిల్లా పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూది ప్రయోగానికి ఊరి ఆడవాళ్ళను పోగుచేశారు. అది ప్రయోగమని వాళ్ళకు తెలియదు. హైదరాబాద్ స్త్రీశక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్ళి, ఇది పరీక్షలో ఉన్న మందు, దీనితో రక్తస్రావం లాంటి ఇబ్బందులు రావచ్చు, ఆ సంగతి వీళ్ళకు చెప్పండని పట్టుబట్టారు. సంగతి విన్నాక ఆ ఆడవాళ్ళలో చాలామంది వెనక్కి వెళ్ళిపోయారు. 1986లో స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీ సహేలీ తదితరులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1991లో అదే సంఘం స్త్రీల ఆరోగ్యం మీద 'సవాలక్ష సందేహాలు' అనే పుస్తకాన్ని మన భాషలో, మన ఆడవాళ్ళు అడిగే ప్రశ్నలతో తెచ్చింది. గ్లోబల్ ఫండ్ తన జెండర్ వ్యూహాన్ని ఆమోదించింది 2008లో. గావి కూడా ఆ ఏడాదే. అంటే పటాన్‌చెరు ఆడవాళ్ళు లేచి వెళ్ళిపోయిన ఇరవై మూడేళ్ళ తర్వాత జెనీవాకు తెలివి వచ్చింది. ఇది దిగుమతి సరుకని ఏ ముఖంతో అంటారు?

భారం ఎవరు మోస్తున్నారన్నది చూడాలంటే ఆశా కార్యకర్త దగ్గరికి వెళ్ళండి. గర్భిణుల నమోదు, టీకాలు, బీపీ షుగర్ సర్వే, కుష్ఠు సర్వే, దోమల నివారణ, క్షయ మందులు, అర్ధరాత్రి నొప్పులొస్తే ఆస్పత్రి దాకా తోడు. ఏ దేశం నుంచి ఏ నిధి వచ్చినా చివరికి ఇంటి గడప తొక్కేది ఆమే. 2005లో ఆ పోస్టు పెట్టినప్పటి నుంచి ఆమెను స్వచ్ఛంద సేవకురాలనే అంటున్నారు. ఇచ్చేది జీతం కాదు, పారితోషికం. తెలంగాణ 2022 జనవరిలో దాన్ని 7,500 నుంచి 9,750కి పెంచింది. నాలుగు నెలలకు, మే నెలలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారం ఇచ్చింది. పద్దెనిమిది వేల స్థిర వేతనం కోసం మన ఆశాలు కలెక్టరేట్ల ముందు ఎండలో కూర్చుంటూనే ఉన్నారు. ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్ళలో 70 శాతం స్త్రీలు, పెద్ద పదవుల్లో 25 శాతమే అని 2019లో ఆ ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. కోట్ల డాలర్ల కార్యక్రమాలు ఇన్ని ఊళ్ళకు చేరుతున్నది ఒక ఆడమనిషి చవక కూలి మీద. ఆ కూలిని సరిచెయ్యడమే జెండర్ పద్దు అయితే, అది విలాసం ఎలా అవుతుంది?

"విదేశీ డబ్బు మన ఆరోగ్య ఖర్చులో ఎంతని, వందలో రూపాయి కూడా ఉండదు, దాని షరతుల కోసం ఇంత రాద్ధాంతమా" అనేవాళ్ళూ ఉన్నారు. డబ్బు తక్కువే. కానీ ఆ రూపాయితో పాటు ఫారాలు, సూచికలు, సాఫ్ట్‌వేర్, సమీక్షలు వస్తాయి. 1997లో ప్రపంచ బ్యాంకు రుణంతో మొదలైన సవరించిన క్షయ కార్యక్రమం మన దగ్గర క్షయను లెక్కపెట్టే పద్ధతినే మార్చింది. రిజిస్టర్‌లో గడి ఉన్న దాన్ని జిల్లా అధికారి అడుగుతాడు. గడి లేనిదాన్ని ఎవరూ అడగరు. ఆ గడులు గీసేచోట ఆడవాళ్ళ తరఫున మాట్లాడే మనిషి ఉండాలన్నదే ఇక్కడి పట్టు.

జెండర్ పేరుతో జరిగే పనికిమాలిన ఖర్చును నేను వెనకేసుకు రావడం లేదు. హైదరాబాద్ హోటల్లో రెండు రోజుల శిక్షణ, రంగుల బ్రోషర్, నివేదికలో టిక్కు పెట్టే గడి, ఇవన్నీ నిజమే. ఆ డబ్బు వృథా. దానికి విరుగుడు జెండర్ పద్దును తీసేయడం కాదు, ఆ పద్దు డబ్బును ఆశా జీతంగా, బీడీ కార్మికురాలి పూట కూలిగా, వేసెక్టమీ ప్రచారంగా, తల్లి భాషలో రాసిన సమ్మతి పత్రంగా మార్చడం. నష్టం జరిగితే పరిహారం ఎవరిస్తారో ముందే రాయించడం. మండలంవారీగా ఆడ, మగ లెక్కలు విడివిడిగా గ్రామసభలో చదివించడం.

దాత మనసు మారితే ఏమవుతుందో హైదరాబాద్ మిత్ర్ క్లినిక్ చెప్పింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం, వాళ్ళనే ఉద్యోగులుగా పెట్టుకుని, 2021లో నారాయణగూడలో అమెరికా నిధులతో తెరిచారు. దేశంలో అలాంటిది అదే మొదటిది. వేలమంది అక్కడ అవమానం లేకుండా వైద్యం చేయించుకున్నారు. 2025 మొదట్లో వాషింగ్టన్‌లో ఒక సంతకంతో దానికి తాళం పడింది. ఇది చూపించి, చూశారా దాతల జెండర్ ఇంతే అంటున్నారు. నేను దాన్ని వేరేగా చదువుతాను. సమానత్వాన్ని దాతల దయకు వదిలేసినందుకే ఆ తాళం పడింది. ఇండియా ఇవాళ గ్లోబల్ ఫండ్ నుంచి తీసుకునే దేశం మాత్రమే కాదు, చందా ఇచ్చే దేశం కూడా. చందా ఇచ్చేవాళ్ళు షరతు కూడా పెట్టవచ్చు. ఆ షరతు పటాన్‌చెరు, ఖమ్మం, ఇబ్రహీంపట్నం నేర్పినదై ఉండాలి. అదే షరతు మన రాష్ట్ర బడ్జెట్‌కూ, మన జిల్లా ఆరోగ్య ప్రణాళికకూ పెట్టుకోవాలి.

సిద్దిపేట కలెక్టరేట్‌లో, హైదరాబాద్ సచివాలయంలో రేపు ఏదో ఒక ఆరోగ్య ప్రాజెక్టు పత్రం మీ ముందుకు వస్తుంది. అది క్షయదైనా, క్యాన్సర్‌దైనా, డబ్బు ఎవరిదైనా, సంతకం పెట్టేముందు ఆశా కార్యకర్త వేతనం ఏ పేజీలో ఉందో వెతకండి. ఆ పత్రం రాసినప్పుడు ఊరి ఆడవాళ్ళలో ఎవరిని అడిగారో అడగండి. ఆ రెండూ కనబడకపోతే పత్రం వెనక్కి పంపండి.